బెల్టు ఒక్కటే సరిపోదు

నాయనా,

నీ కథ రాత్రి చదివాను. పదకొండో పేజీలో బెల్టు కనబడగానే కాగితాలు పక్కన పడేసి, లేచి మంచినీళ్లు తాగొచ్చాను. తిరుపతి లాడ్జీల్లో నలుగుర్ని చంపినవాడు చిత్తూరులో చిన్నప్పుడు నాయన చేత బెల్టు దెబ్బలు తిన్నాడు, అందుకే అలా అయ్యాడంటావు. అంతేనా?

మేమూ తిన్నాం. మా నాయన బెల్లం మండీలో గుమాస్తా. ఇంట్లో బెల్టు లేదు, చింత బరికె ఉండేది. మా అన్నకు నాకంటే రెండింతలు పడేవి. ఆయన పెద్దయ్యాక కుక్కను కూడా అదిలించలేని మనిషయ్యాడు. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడేవాడు. నాకేమో కోపం ముందు, బుద్ధి వెనక. రెండు ఉద్యోగాలు అట్లే పోగొట్టుకున్నాను. ఇల్లొకటే, బరికె ఒకటే. నీ లెక్క ప్రకారం మాలో హంతకుడెవరు?

కార్ప్‌మన్ అనే మానసిక వైద్యుడు 1941లోనే ఎదుటివాడి బాధ పట్టని సైకోపాత్‌లు ఒక్క రకం కాదన్నాడు. ఒకడికి జాలీ భయమూ మొదట్నుంచే పలచన. ఇంకొకడు దెబ్బలు తిని మొద్దుబారినవాడు, లోపల టెన్షన్‌తో ఉడుకుతుంటాడు. నీ హీరోకు చంపేటప్పుడు చెమట కూడా పట్టదు. అంటే మొదటివాడు. గతం మాత్రం రెండోవాడిది తెచ్చి అతికించావు! చిన్ననాటి హింసకు గట్టి ముడి కనబడేది దుడుకుతనంతో, చట్టాన్ని లెక్కచేయని బతుకుతో. మనసు గడ్డకట్టడంతో ఆ ముడి అంత గట్టిది కాదు, అందులో పుట్టుకకూ పెద్ద వాటా ఉందని కవలల మీద పరిశోధనలు చెబుతున్నాయి.

అమెరికాలో క్యాథీ విడమ్ అనే పరిశోధకురాలు 1989లో ఒక లెక్క తేల్చింది. హింసకో నిర్లక్ష్యానికో గురైన పిల్లల్లో నూటికి 26 మంది మైనర్లుగానే అరెస్టయ్యారు, మామూలు పిల్లల్లో 17 మంది. ఇది నేరాల లెక్కే, సైకోపతీది కాదు. తేడా ఉంది, కాదనను. మిగిలిన 74 మంది కథ ఎవరు రాస్తారు?

ఈ జబ్బు నీతో మొదలైంది కాదులే. ఒక వారపత్రిక సంపాదకుడు నా కథను మూడుసార్లు తిప్పి పంపాడు, "విలన్‌కు ఫ్లాష్‌బ్యాక్ ఏదండీ?" అని. అది అద్దె కట్టాల్సిన నెల. వాతలు పెట్టే సవతి తల్లిని ఇరికించాను. అచ్చయింది, అరవై రూపాయలొచ్చాయి. అన్న చదివి ఏమీ అనలేదు. పత్రిక మడిచిపెట్టి, చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కున్నాడు. ఆ సంపాదకుడికి తర్వాత సన్మానాలు కూడా జరిగాయి.

వాంతి చేసుకున్న నాయన చొక్కాను పిల్లోడు చీకట్లో బోరింగు కాడ ఉతికి ఆరేస్తాడు చూడు, ఆ నాలుగు లైన్లు బాగున్నాయి. నాయన నిద్రలేచి ఆ చొక్కా తొడుక్కుంటాడా? అక్కడ్నుంచి మళ్లీ రాయి. లాడ్జీలన్నీ తీసెయ్.

కలం పేరు, పోటీ సంగతి తర్వాత చూద్దాం. తిరుపతి వచ్చినప్పుడు నీ రాతప్రతి తీసుకుపో. పదకొండో పేజీ మీద కాఫీ ఒలికింది.