పవర్ వీల్‌చైర్ విమానమెక్కితే చెక్కుచెదరకుండా దిగుతుందా?

"కరెంటు వీల్‌చైర్ వాడే మా నాన్నగారిని మొదటిసారి విమానంలో తీసుకెళ్తున్నాం. ఎయిర్‌లైన్ వాళ్లు కుర్చీని జాగ్రత్తగా చూసుకుంటారా? విరిగితే కొత్తది కొనిస్తారా?" అని అడిగారు. మొదటిదానికి జవాబు: చూసుకోవాలనే ఉంటుంది, ఎలాగో తెలీదు. రెండోదాని సంగతి చివర్లో చెప్తాను, అది కాస్త పెద్ద కథ.

కుర్చీ విరిగేది గాల్లో కాదు, చెక్-ఇన్ కౌంటర్ దగ్గర అంతకన్నా కాదు. మీ నాన్నగారు విమానం తలుపు దగ్గర కుర్చీ దిగి లోపలికెళ్లాక, అది హోల్డ్‌లోకి, అంటే విమానం అడుగున సామాను పెట్టే గదిలోకి, చేరేదాకా పట్టే పదీ పదిహేను నిమిషాల్లోనే దాని గతి తేలిపోతుంది. అక్కడ జరిగేది ఒకసారి ఊహించుకోండి. కుర్చీ బరువు 150 కిలోలు. స్విచ్ ఆపేశారు. స్విచ్ ఆపగానే మోటార్ బ్రేకులు వాటంతటవే పడిపోతాయి, ఇక అది బండరాయే. కింద ఇద్దరు లోడర్లు నెట్టి చూస్తారు, కదలదు. వెనక చక్రాల పక్కన, మోటార్ల దగ్గర, రెండు చిన్న లీవర్లుంటాయి, వాటినే ఫ్రీవీల్ లీవర్లంటారు. వాటిని తిప్పితే మోటార్లు విడిపోయి కుర్చీ చేత్తో నెట్టినా పోతుంది. ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు. రబ్బరు నేలకు రాసుకుంటుండగా కాస్త దూరం ఈడుస్తారు. తర్వాత ఇంకో ఇద్దర్ని పిలిచి నలుగురూ కలిసి ఎత్తుతారు. ఎక్కడ పట్టుకుని? చేతికి అందిన చోట. అంటే ఆర్మ్‌రెస్ట్, హెడ్‌రెస్ట్, ఫుట్‌రెస్ట్. ఈ మూడూ ఊడదీసుకోవడానికి వీలుగా చేసినవే కాబట్టి ఊడి చేతిలోకి వస్తాయి. జాయ్‌స్టిక్ వైరుకి వేలాడుతుంది.

ఎలాగో బెల్ట్ లోడర్, అంటే సామాను పైకెక్కించే బెల్టు బండి, మీద పైకి పంపితే అక్కడ అసలు సమస్య ఎదురవుతుంది. బోయింగ్ 737 హోల్డ్ తలుపు ఎత్తు 90 సెంటీమీటర్లకు మించదు. వీపు ఆనించే భాగం నిలబెట్టి ఉన్న పవర్ చైర్ మీటరు దాటుతుంది. ఇక పక్కకు పడుకోబెట్టి తోస్తారు. జాయ్‌స్టిక్ ఉన్న వైపుకి పడుకోబెట్టారా, 150 కిలోలూ దాని మెడ మీదే. ఎయిర్‌బస్ ఎ320 హోల్డ్ తలుపు ఎత్తు 120 సెంటీమీటర్ల పైచిలుకు, చాలా కుర్చీలు నిలువుగానే దూరిపోతాయి. ఒకే కుర్చీ, ఒకే దారి, విమానం మారితే ఫలితం మారుతుంది. అందుకే టికెట్ తీసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఛార్జీ ఎంతని కాదు, ఏ రకం విమానమని. ఆ తర్వాత మీ కుర్చీని మడిచి, వాల్చి, హెడ్‌రెస్ట్ తీసేసి, కనిష్ఠంగా ఎంత ఎత్తుకు వస్తుందో టేపుతో కొలిచి పెట్టుకోండి. కంపెనీ పుస్తకంలో ఉన్న కొలతను నమ్మకండి, అది కుషన్ లేకుండా, అదనపు సామాను ఏదీ లేకుండా రాసింది.

ఇదంతా అరుదుగా జరుగుతుందని మీకెవరైనా చెబితే ఒక లెక్క వినిపించండి. పాడైన, పోయిన, ఆలస్యంగా చేరిన వీల్‌చైర్లు, స్కూటర్ల లెక్కను అమెరికాలో ప్రభుత్వమే ప్రచురిస్తుంది. 2023లో అక్కడి పెద్ద ఎయిర్‌లైన్లన్నీ కలిపి 11,527. 2024 అక్టోబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి ఈ విషయంలోనే 5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. లెక్క రాసే చోటే ఇలా ఉంటే, రాయని చోట ఎలా ఉంటుందో మీరే అంచనా వేసుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పనులు. బుకింగ్ చేశాక, కనీసం 48 గంటల ముందు, ఫోన్ చేసి వీల్‌చైర్ కోడ్ వేయించండి. వెబ్‌సైట్‌లో "వీల్‌చైర్ కావాలి" అని టిక్ పెడితే ఎక్కువసార్లు పడేది డబ్ల్యూసీహెచ్ఆర్. దానర్థం మెట్లెక్కగలరు, దూరం మాత్రం నడవలేరు అని. మెట్లెక్కలేరు, కానీ విమానం లోపల సీటుదాకా నడవగలరు అంటే డబ్ల్యూసీహెచ్ఎస్. అసలు నడవలేరు, సీటుదాకా చేర్చాలి అంటే డబ్ల్యూసీహెచ్‌సీ. ఈ ఒక్క అక్షరం తప్పు పడితే విమానం నడవలో పట్టే ఇరుకు కుర్చీ రాదు, ఎత్తే మనుషులు రారు, మెట్ల దగ్గర ఆగిపోతారు. ఇవి మనిషికి సంబంధించిన కోడ్‌లు. కుర్చీకి వేరే కోడ్ పడాలి: మామూలు చేతి కుర్చీ అయితే డబ్ల్యూసీఎంపీ, డ్రై బ్యాటరీ అయితే డబ్ల్యూసీబీడీ, లిథియం అయితే డబ్ల్యూసీఎల్‌బీ. రెండూ పడ్డాయో లేదో ఈమెయిల్‌లో రాసి ఇమ్మనండి. ఫోన్‌లో "నోట్ చేసుకున్నాం సార్" అంటే చేసుకోలేదని అర్థం.

బ్యాటరీ దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. జెల్ లేదా ఏజీఎం రకమైతే (డ్రై బ్యాటరీలంటే ఇవే) బ్యాటరీ కుర్చీలోనే ఉంటుంది. దాని మీద "నాన్-స్పిల్లబుల్", అంటే ఒలకదు, అన్న ముద్ర ఉంటుంది, కవరు విప్పి ఆ ముద్ర ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఎందుకంటే విమానాశ్రయంలో కవరు విప్పి చూపించమంటారు. ఊరికే వైర్లు పీకేయమనే వాళ్లూ ఉంటారు. ఒప్పుకోకండి. ఎక్కడో ఒకచోట ప్లస్ మైనస్ తారుమారు చేసి బిగిస్తే కుర్చీని నడిపే కంట్రోలర్ కాలిపోతుంది, కుర్చీలో ఖరీదైన భాగాల్లో అదొకటి. బ్యాటరీ కనెక్టర్ ఒకటుంటుంది, లేదా సర్క్యూట్ బ్రేకర్ ఉంటుంది, దాన్ని తీస్తే కరెంటు ఆగిపోతుంది. అది చూపించి తీసేయండి, చాలు.

మడిచే తేలిక కుర్చీల్లో లిథియం బ్యాటరీని బయటికి తీసేలా చేస్తారు. తీసిన బ్యాటరీ హోల్డ్‌లోకి పోకూడదు, మీతోపాటు క్యాబిన్‌లోనే రావాలి, టెర్మినళ్లకు టేపు వేసి, ఒక్కోదాన్ని ఒక్కో సంచిలో. ఒక్కోటి 300 వాట్ అవర్లు దాటకూడదు. అదనంగా స్పేర్ పట్టుకెళ్తే 300 లోపుది ఒకటి, లేదా 160 లోపువి రెండు. లెక్క సులువే: వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 24 వోల్టులు, 12 ఆంపియర్ అవర్లు అయితే 288, పోనిస్తారు. 24 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లు అయితే 480, గేటు దగ్గరే ఆగిపోతారు. బయటికి తీసే వీలు లేకుండా కుర్చీలోనే గట్టిగా బిగించి, రక్షణ కల్పించి ఉన్న లిథియం బ్యాటరీకి ఈ హద్దు లేదు, ఎయిర్‌లైన్ అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి. లిథియం బ్యాటరీ ఉన్న కుర్చీ ఎక్కడుందో పైలట్‌కి తెలియజేయాలన్న నియమం ఉంది. ఆ సమాచారం ముందుగా అందకపోతే బయల్దేరే నిమిషంలో కుర్చీని దింపేయొచ్చు. మీరు పైన, కుర్చీ కింద.

ఇక నా అసలు మాట. ఆ లోడర్‌తో మీరు ఎప్పటికీ మాట్లాడలేరు, మీ తరఫున మాట్లాడాల్సింది కాగితమే. రెండు ఎ4 కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఒకటి వీపు వెనక, ఒకటి సీటు మీద కట్టండి. రాత తక్కువ, బొమ్మ ఎక్కువ ఉండాలి, చేరే ఊళ్లో వాడికి మీ భాష రాకపోవచ్చు. కుర్చీ ఫోటో మీద ఎర్ర బాణంతో ఫ్రీవీల్ లీవర్ చూపించండి: నెట్టేటప్పుడు ఇటు, హోల్డ్‌లో నిలబెట్టాక మళ్లీ అటు. ఈ రెండో ముక్క మరిచిపోతే బ్రేకు లేని కుర్చీ హోల్డ్‌లో దొర్లి పెట్టెలకు కొట్టుకుంటుంది. పట్టుకుని ఎత్తదగ్గ చోట్లకు, అంటే కింది ఫ్రేముకి, ఆకుపచ్చ టేపు చుట్టండి. ముట్టకూడని చోట్ల ఎర్ర టేపు. బరువు, ఎత్తు, బ్యాటరీ రకం పెద్ద అంకెల్లో రాయండి. నాలుగు పేజీల సూచనలు రాసి అంటించేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. వాన పడుతుంటే, విమానం బయల్దేరే టైమై ఉంటే, ఎవడు చదువుతాడు?

ఊడేవన్నీ మీరే ముందు ఊడదీయండి. కుషన్, ఫుట్‌రెస్టులు, సైడ్ గార్డులు, హెడ్‌రెస్ట్ ఒక బ్యాగులో వేసి క్యాబిన్‌లోకి తీసుకెళ్లండి. జాయ్‌స్టిక్ ప్లగ్ ఊడేదైతే అది కూడా. ఊడకపోతే లోపలివైపు తిప్పి, బబుల్ చుట్టి, వైరును ఫ్రేముకి దగ్గరగా కట్టండి, వేలాడే వైరు ఏదో ఒకదానికి తగులుకోక మానదు. గాలి నింపే కుషన్ వాడుతుంటే, దానిమీదే విమానంలో కూర్చుంటే, పైకెళ్లాక అది గట్టిపడుతుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదానికంటే దాదాపు పాతిక శాతం తగ్గుతుంది మరి. వాల్వ్ తిప్పి కాస్త గాలి వదలండి, దిగాక మళ్లీ నింపండి. నింపడం మరిచిపోతే ఒంటికి కుర్చీ అడుగు తగిలి పుండు పడుతుంది. చక్రాల్లో గాలి తీసేయమని కొందరు సిబ్బంది పట్టుబడతారు. పెద్ద జెట్ విమానాల హోల్డ్‌లోనూ క్యాబిన్‌లో ఉన్న ఒత్తిడే ఉంటుంది, టైరు పేలదు. గాలి తీస్తే దిగినచోట పంపు దొరక్క ఇబ్బంది పడేది మీరే.

గేటు దగ్గర కుర్చీ అప్పగించే ముందు నాలుగు వైపులా ఫోటోలు, స్విచ్ వేసి ముందుకు వెనక్కు కదిలించిన ఒక చిన్న వీడియో తీయండి. కుర్చీకి వేసే ట్యాగ్ మీద విమానం తలుపు దగ్గరే తిరిగి ఇవ్వాలని ఉందా లేదా చూసుకోండి. లేకపోతే అది బెల్ట్ మీద సూట్‌కేసులతో పాటు వస్తుంది.

లోపలికెళ్లడం గురించి కూడా ఒక ముక్క. ఇరుకు కుర్చీలో కూర్చోబెట్టాక పట్టీలన్నీ బిగించేదాకా కదలనివ్వకండి. సీటులోకి మార్చేటప్పుడు ఒకరు వెనకనుంచి చంకల కింద చేతులు పోనిచ్చి ఆయన ముంజేతులు పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్ల కింద పట్టుకోవాలి, లెక్కపెట్టి ఒకేసారి ఎత్తాలి. ప్యాంటు పట్టుకుని లాగేవాణ్ణి అక్కడే ఆపండి. చాలా విమానాల్లో నడవ వైపు ఆర్మ్‌రెస్ట్ పైకి లేస్తుంది, దాని మడత దగ్గర అడుగున చిన్న మీట ఉంటుంది, వేలితో తడిమితే తగులుతుంది. సిబ్బందిలోనే చాలామందికి అది తెలీదు, ఆర్మ్‌రెస్ట్ మీదుగా మనిషిని ఎత్తేస్తారు. మొదటి వరుస మాత్రం అడక్కండి, అక్కడ ట్రే ఆర్మ్‌రెస్ట్‌లోనే ఉంటుంది కాబట్టి అది లేవదు. "కాళ్లకు చోటు ఎక్కువ కదా సార్" అని అదే అంటగడతారు. పైగా ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా, "ఈయన నడవగలరా?" అని మిమ్మల్ని అడుగుతారు. "ఆయన్నే అడగండి" అనండి. టాయిలెట్ సంగతి ఎత్తితే ఈ జవాబు తెల్లారదు. ఎక్కే ముందు రోజునుంచే మంచినీళ్లు మానేసే ప్రయాణికులు ఎందరో, ఆ ఒక్క మాట చాలు.

దిగేటప్పుడు, కుర్చీ తలుపు దగ్గరికి వచ్చిందని చెప్పేదాకా సీటులోంచి లేవకండి. విమానాశ్రయం కుర్చీలోకి ఒకసారి మారారంటే మీ కుర్చీని వెతకాల్సిన తొందర ఎవరికీ ఉండదు. వచ్చాక స్విచ్ వేస్తే ఎర్రలైటు వెలిగి కదలకపోతే కంగారుపడకండి, ముందు ఫ్రీవీల్ లీవర్లు చూడండి. సగంసార్లు అవి నెట్టే వైపుకే తిప్పి ఉంటాయి. తర్వాత చదునైన నేల మీద చక్రాలన్నీ ఆనుతున్నాయా, జాయ్‌స్టిక్ వదిలితే మధ్యకు వస్తోందా, ముందు చిన్న చక్రాలు వంకర పోయాయా చూడండి. ఏ తేడా ఉన్నా విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో సామాను నష్టం ఫిర్యాదు రాయించి, నంబరు తీసుకోండి.

ఇక డబ్బు. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 మాంట్రియల్ ఒప్పందంలో వీల్‌చైర్ కూడా సామానే. ఒక్కో ప్రయాణికుడి సామానుకు పరిహారం హద్దు 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్), అంటే సుమారు 2,000 డాలర్లు. మంచి పవర్ చైర్ దానికి ఎన్నో రెట్లు. అమెరికా దేశీయ విమానాల్లో మాత్రం ఈ హద్దు వీల్‌చైర్లకు లేదు, కొన్న అసలు ధరదాకా ఇవ్వాలి. ఒప్పందం వర్తించే ప్రయాణాల్లో ముఖ్యమైన దారి: చెక్-ఇన్ చేసేటప్పుడే విలువ ప్రత్యేకంగా ప్రకటించడం. ఒప్పందంలోని 22వ అధికరణం ఇందుకు వీలిస్తుంది, అప్పుడు హద్దు మీరు ప్రకటించిన విలువదాకా పెరుగుతుంది. దానికి అదనపు రుసుము అడగొచ్చు. వీల్‌చైర్‌కి అది తీసుకోని ఎయిర్‌లైన్లూ ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. కౌంటర్లో కూర్చున్నవాళ్లు ఆ మాటే వినలేదంటారు, కాబట్టి వారం ముందే ఈమెయిల్ పెట్టి జవాబు ప్రింటు తీసుకెళ్లండి. దెబ్బతిన్న సామానుకు రాతపూర్వక ఫిర్యాదు గడువు 7 రోజులు, ఆలస్యంగా చేరినదానికి 21 రోజులు, కోర్టుకెళ్లడానికి రెండేళ్లు. కుర్చీ కొన్న బిల్లు ఇప్పుడే వెతికి ఫోటో తీసి పెట్టుకోండి.