పెద్ద దర్శకులకు వయసు పెరిగాక పట్టు తప్పుతుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. ఒకప్పుడు జేజేలు కొట్టించుకున్న దర్శకులు వయసు మీద పడ్డాక ఎందుకు తేలిపోతున్నారన్నది మొదటిది. అలాంటప్పుడు పరువు ఉండగానే సినిమాలు మానేయవచ్చు కదా అన్నది రెండోది.

ఎడిటింగ్ గదిలో అసిస్టెంటుగా చేరి, చాలా ఏళ్ళు అక్కడే పనిచేసినవాణ్ణి. అక్కడ కూర్చుని చూసినంతలో నాకు అర్థమైంది ఒకటే. వయసు దర్శకుడి దగ్గర్నుంచి తీసుకెళ్ళేది తక్కువ. ఆయన చుట్టూ ఉండి, ఆయనతో గట్టిగా వాదించే మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఎక్కువ నష్టం అక్కడ జరుగుతుంది.

ఒక పెద్ద దర్శకుడి దగ్గర రెండు సినిమాలకు పనిచేశాను. పేరు చెప్పడం భావ్యం కాదు. మొదటి సినిమా నాటికి ఇంకా ఫిల్మ్ మీదే కోస్తున్నాం. ఆయన సినిమాలన్నిటికీ మాటలు రాసిన రచయిత రోజూ సాయంత్రం ఎడిటింగ్ రూముకు వచ్చి వెనక కుర్చీలో కూర్చునేవారు. సీను నడుస్తుండగానే "ఇదెందుకయ్యా ఇక్కడ?" అనేవారు. దర్శకుడికి కోపం వచ్చేది. "నువ్వే కదా రాశావు" అని అరిచేవారు. "రాశాను, ఇప్పుడు చూస్తే అక్కర్లేదనిపిస్తోంది" అని ఆయన అంతే గట్టిగా అనేవారు. దర్శకుడు విసురుగా బయటికి వెళ్ళి, కాసేపు వరండాలో పచార్లు చేసి, లోపలికొచ్చి మా ఎడిటర్‌తో "తీసెయ్" అనేవారు. ఆ సినిమా బాగా ఆడింది. ఎక్కడా సాగదీత లేదని అందరూ అన్నారు.

రెండో సినిమా నాటికి ఆ రచయిత లేరు. ఎడిటింగ్ కంప్యూటర్ మీదికి వచ్చేసింది. కొత్తగా మాటలు రాస్తున్న కుర్రాళ్ళిద్దరూ ఈయన సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళే. ప్రతిభ ఉంది, భక్తి అంతకంటే ఎక్కువ ఉంది. గురువుగారు గదిలోకి వస్తే లేచి నిలబడేవారు. నిర్మాత కూడా అంతే. గుడిలో జరిగే ఒక సీను మరీ పొడుగైందని మా ఎడిటర్ నెమ్మదిగా అన్నారు. దర్శకుడు వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశారు. "అద్భుతంగా ఉంది గురువుగారూ" అన్నారంతా. ఆ సీను అలాగే ఉండిపోయింది. థియేటర్లో సరిగ్గా అక్కడే జనం లేచి క్యాంటీన్‌కి వెళ్ళడం నేను చూశాను. ఆ రోజు ఆయన వెనక్కి తిరిగి చూసింది పొగడ్త కోసం కాదనే నా నమ్మకం. ఎవరైనా అడ్డు చెబుతారేమోనని చూశారు.

మరి పట్టు పోయిందా? అదే సినిమాలో తండ్రీ కూతురూ భోజనం చేసే సీను ఒకటుంది. ఓకే చేసిన టేకులన్నీ వేసి చూసినా ఆయనకు నచ్చలేదు. మేం ఎన్‌జీ (పనికిరాదు) అని పక్కన పెట్టేసిన ఒక టేకు తెప్పించుకుని, డైలాగు మొదలవకముందు ఆ అమ్మాయి కంచంలోకి చూసిన ఒక్క చూపు ఏరి, దాన్ని తండ్రి మాట తర్వాత పెట్టమన్నారు. సీను మొత్తం మారిపోయింది. గదిలో ఉన్న కుర్రాళ్ళెవరికీ కనిపించనిది, డెబ్బై దాటిన మనిషికి కనిపించింది. కన్ను ఎక్కడికీ పోలేదు.

బయటి ఉదాహరణలు చూస్తే సస్పెన్స్ సినిమాలకు పేరుపడ్డ హాలీవుడ్ దర్శకుడు హిచ్‌కాక్ కథ నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. 'వెర్టిగో', 'సైకో', 'ది బర్డ్స్' లాంటివి కూర్చిన ఎడిటర్ జార్జ్ టొమాసినీ 1964లో చనిపోయారు. 1951 నుంచి, ఒక్క 'సైకో' తప్ప, 'మార్నీ' దాకా హిచ్‌కాక్ సినిమాలన్నీ తీసిన కెమెరామన్ రాబర్ట్ బర్క్స్ ఆ తర్వాత ఆయనతో పనిచేయలేదు, 1968లో కన్నుమూశారు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్‌తో 1966లో 'టార్న్ కర్టెన్' దగ్గర తగువై విడిపోయారు. చూస్తుండగానే ముగ్గురూ దూరమయ్యారు. ఆ సినిమా, దాని తర్వాతి 'టోపజ్' నీరసంగా ఉంటే లోకం "ముసలాయన పని అయిపోయింది" అంది. 1972లో, 72 ఏళ్ళ వయసులో, ఆయన తన సొంత ఊరు లండన్ వెళ్ళి కోవెంట్ గార్డెన్ కూరగాయల మార్కెట్ నేపథ్యంలో 'ఫ్రెంజీ' తీశారు. ఆయన తండ్రి కూరగాయల వ్యాపారే. కొత్త రచయిత, కొత్త బృందం, చిన్నప్పటి నుంచి తెలిసిన మనుషులు. పాత పదును మళ్ళీ కనిపించింది.

జపాన్ దర్శకుడు కురొసావాది ఇంకో రకం. 'సెవెన్ సమురాయ్' స్క్రిప్టు కోసం ముగ్గురు రచయితలు సత్రం లాంటి చోట గది తీసుకుని కూర్చున్నారు. కురొసావా, హషిమోటో ఒకే సీను పోటీపడి రాసేవారు. ఒగునీ చదివి తీర్పు చెప్పేవారు. ఎంత పెద్ద దర్శకుడైనా ఒగునీ ఒప్పుకోకపోతే మళ్ళీ రాయాల్సిందే. 75 ఏళ్ళప్పుడు చూపు మందగించిన దశలో కురొసావా తీసిన 'రాన్' (1985)కి కూడా రచనలో ఒగునీ ఉన్నారు. 1990లో వచ్చిన 'డ్రీమ్స్' నుంచి చివరి సినిమా దాకా కురొసావా ఒక్కరే రాసుకున్నారు. ఆ చివరి సినిమాలంటే నాకు ఇష్టమే, కొన్ని దృశ్యాలు మర్చిపోలేను. కానీ పాత్రలు ఆగి ఉపదేశాలు చెబుతున్నప్పుడల్లా ఒగునీ ఉంటే ఇది ఉంచనిచ్చేవారా అనిపిస్తుంది.

దగ్గరి ఉదాహరణ కావాలంటే శంకర్. 'భారతీయుడు', 'ఒకే ఒక్కడు', 'అపరిచితుడు', 'శివాజీ'... వీటి తమిళ మూలాలకు మాటలు రాసింది సుజాత అనే కలం పేరున్న రంగరాజన్. 2008 ఫిబ్రవరిలో ఆయన పోయారు. 2024లో 'భారతీయుడు 2', 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్' వచ్చినప్పుడు "అప్‌డేట్ అవ్వలేదు, వయసైపోయింది" అని చాలామంది రాశారు. అరవై ఏళ్ళు దర్శకుడికి ముసలితనమా? అంత భారీ ఆలోచనను ఒక మామూలు మనిషి నోట నమ్మేలా పలికించే రచయిత పక్కన లేకపోవడమే నాకు కనిపించింది.

విశ్వనాథ్ గారి విషయంలో ఈ మాట కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఆయన 1930 ఫిబ్రవరిలో పుట్టారు. 'శంకరాభరణం' విడుదలైంది 1980 ఫిబ్రవరిలో. అంటే మనం ఇవాళ తలుచుకునే సినిమాల్లో చాలా భాగం ఆయన యాభై దాటాక తీసినవే. ఆ సినిమాకు మాటలు రాసిన జంధ్యాల, సంగీతం చేసిన మహదేవన్, ఇద్దరూ 2001లోనే వెళ్ళిపోయారు. 2004లో వచ్చిన 'స్వరాభిషేకం'కి జాతీయ అవార్డు వచ్చింది కానీ జనం పెద్దగా రాలేదు. అందులో పాటల చిత్రీకరణ చూడండి, చేయి ఎక్కడా వణకలేదు. మాటల దగ్గరే జంధ్యాల గుర్తొస్తారు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళు ఉంటారు.

నా వాదనకు పూర్తిగా లొంగని కేసు కె.వి.రెడ్డి గారిది. 1957లో 'మాయాబజార్' తీసిన మనిషి. స్టాప్‌వాచ్ పెట్టుకుని స్క్రిప్టు దశలోనే సీన్ల నిడివి లెక్కకట్టేవారని పేరు. 1965లో 'సత్య హరిశ్చంద్ర', 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' దెబ్బతిన్నాయి. మరి అప్పటికీ రచయిత పింగళి నాగేంద్రరావు గారు ఆయనతోనే ఉన్నారు కదా! ఇక్కడ మనుషులు మారలేదు, ప్రేక్షకులు మారిపోయారు. సాంఘికాలు ఊపందుకున్న కాలంలో ఆ రకం పౌరాణిక కథలకు పాత ఆదరణ లేదు. ఈ దెబ్బ ఏ వయసులోనైనా తగలవచ్చు. వయసు పెరిగితే జనం మధ్య కూర్చుని సినిమా చూసే అలవాటు తగ్గుతుంది కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది, అంతే.

ఒంట్లో ఓపిక సంగతి మాత్రం నిజం. సత్యజిత్ రేకి 1983లో, 'ఘరే బైరే' తీస్తుండగా గుండెపోటు వచ్చింది. డాక్టర్లు బయట తిరిగి షూటింగ్ చేయొద్దన్నారు. 1989లో తీసిన 'గణశత్రు' దాదాపు అంతా సెట్లోనే. గాలీ వెలుతురూ ఉండే ఆయన సినిమా నాలుగు గోడల్లో బిగిసిపోయినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత 1991లో 'ఆగంతుక్'. అదీ ఎక్కువగా ఇంట్లోనే నడుస్తుంది. కానీ ఈసారి కథను ఓపికకు తగ్గట్టు ఎంచుకున్నారు. ఒక ఇంటికి ఏళ్ళ తరబడి కనిపించని మేనమామ వస్తాడు, నిజంగా మేనమామేనా కాదా అన్నదే కథ. గది అందులో అడ్డంకి కాలేదు, కథకు కావలసింది గదే.

ఇంకో సంగతి మనం గమనించం. పాతికేళ్ళ దర్శకుడి సినిమా పోతే "కథ బాలేదు" అంటాం. డెబ్బై ఏళ్ళాయన సినిమా పోతే "సరుకు అయిపోయింది" అంటాం. వీళ్ళందరికీ మంచి వయసులో కూడా ఫ్లాపులున్నాయి. అవి ఎవరికీ గుర్తులేవు, శిఖరాలే గుర్తున్నాయి. ఆ శిఖరాల పక్కన పెట్టి కొలిస్తే ఎవరి కొత్త సినిమా అయినా పొట్టిగానే కనిపిస్తుంది.

ఇక మానేయడం గురించి. ఎవరూ మానేయనక్కర్లేదు. నేను ఒక సీనియర్ దర్శకుడి సినిమా ప్రకటన చూస్తే ముందు రచయిత ఎవరు, ఎడిటర్ ఎవరు అని వెతుకుతాను. వాళ్ళు ఆయన కాళ్ళకు దండం పెట్టేవాళ్ళా, ఆయనతో కూర్చుని పోట్లాడగలిగేవాళ్ళా అన్నది చూస్తాను. వీలైతే ఒక పాత మనిషీ, భయం లేని ఒక కొత్త మనిషీ ఉండాలి. బడ్జెట్ కూడా అదుపులో ఉంటే మంచిది, ఎందుకంటే వందల కోట్లు పెట్టిన చోట కోసెయ్యమనే ధైర్యం ఎవరికీ ఉండదు. హాలీవుడ్ దర్శకుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ విశ్వనాథ్ గారు పుట్టిన ఏడాదే పుట్టారు. 2024లో, 94 ఏళ్ళ వయసులో, 'జ్యూరర్ నెం. 2' అని ఒక కోర్టు కథ తీశారు. హంగామా లేదు, సాగదీత లేదు, చివరి షాట్ దాకా కదలనివ్వదు. దాని ఎడిటర్లలో ఒకరు జోయెల్ కాక్స్, 1970ల నుంచి ఈస్ట్‌వుడ్ సినిమాలు కోస్తున్న మనిషి.