‘ఇది నేనేనా అక్కా?’ అని అడుగుతున్నాడు

ప్రశ్న: మాది మదనపల్లె. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా తమ్ముడికి 24 ఏళ్లు. ఏడాదిన్నర క్రితం ఎవరో తిడుతున్నట్టు గొంతులు వినిపించడం మొదలైంది. సైకోసిస్ అన్నారు, అంటే లేనివి ఉన్నట్టు తోచే మానసిక జబ్బట. మందులతో గొంతులు తగ్గాయి. కానీ అద్దం ముందు నిలబడి ‘ఇది నేనేనా అక్కా?’ అంటున్నాడు. ఏడేళ్ల వయసులో హాస్టల్లో వేశాం. అక్కడ బాగా కొట్టేవారని ఈమధ్యే చెప్పాడు. దానివల్లే ఇలా అయిందా? అమ్మ తనని తానే తిట్టుకుంటోంది. ఆ సంగతులు కదిపితే జబ్బు తిరగబెడుతుందా?

జవాబు: ముందు మీ అమ్మగారికి చెప్పండి, కొట్టింది ఆవిడ కాదు. బాగా చదువుకుంటాడని పంపారు, అంతే.

చిన్నతనంలో దెబ్బలు, వేధింపులు, నిరాదరణ అనుభవించినవాళ్లలో సైకోసిస్ ముప్పు దాదాపు మూడు రెట్లు ఎక్కువని, అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2012 నాటి విశ్లేషణలో తేలింది. అయినా దెబ్బలు తిన్న పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. వంశపారంపర్యం, గంజాయి లాంటివీ తోడవుతాయి. ‘దానివల్లే’ అని మీ తమ్ముడి విషయంలో ఎవరూ తేల్చి చెప్పలేరు. సంబంధమే లేదని కొట్టిపారేయడమూ తప్పే.

అద్దం ముందు అతను అడిగే మాటను తేలిగ్గా తీసుకోకండి. గొంతులు, నిద్ర, మాత్రల గురించి డాక్టర్లం మేం అడుగుతాం, దీన్ని మాత్రం చాలాసార్లు వదిలేస్తాం. సైకోసిస్‌లో ‘నేను’ అన్న పట్టు సడలుతుంది. తన ఆలోచన, తన చెయ్యి కూడా తనవి కానట్టు అనిపిస్తాయి. నా దగ్గరికొచ్చే ఒక కుర్రాణ్ణి ‘పొద్దున ఏం తిన్నావు నాన్నా?’ అని అడిగితే వాళ్లమ్మ ముఖంలోకి చూసేవాడు. ఇడ్లీ తిన్న సంగతి గుర్తుంది, తిన్నది తనేనన్న నమ్మకమే లేదు. దెబ్బలు తప్పించుకోలేని పసివాడు కొన్నిసార్లు ‘ఇది నాకు కాదు, ఇంకెవరికో జరుగుతోంది’ అనుకుని మనసుతో ఎటో వెళ్లిపోతాడు. ఆ వయసులో వాడికి అదే దిక్కు. కొందరిలో పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోదు.

కదిపితే తిరగబెడుతుందన్న భయం ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. 2015లో నెదర్లాండ్స్‌లో సైకోసిస్‌తో పాటు మనసుకు తగిలిన పాత గాయాల బాధ కూడా ఉన్న 155 మందిపై చేసిన ట్రయల్‌లో, శిక్షణ ఉన్న థెరపిస్టులు ఆ గాయాలకు చికిత్స చేస్తే మేలే జరిగింది. కాబట్టి ఇంట్లో మీరు గుచ్చిగుచ్చి అడగొద్దు. హాస్టల్ సంగతి అతని అనుమతితో డాక్టర్‌కు చెప్పి, మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపమని అడగండి. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇద్దరూ ఉంటారు. తెలుగు వచ్చినవాళ్లు కావాలని గట్టిగా అడగండి. ఇలాంటివి అతను ఇంగ్లీషులో చెప్పుకోలేడు.

మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. చచ్చిపొమ్మని గొంతులు చెబుతున్నాయన్నా, తనకే బతకాలని లేదన్నా, ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి అద్దం ముందు అలా అడిగితే ‘పిచ్చిమాటలు మాట్లాడకు’ అనకండి. ‘భయంగా ఉందా?’ అని అడిగి పక్కన నిలబడండి. తర్వాత పెసరట్టు వెయ్యనా, ఇడ్లీ పెట్టనా అని అడగండి. జవాబు రావడానికి రెండు నిమిషాలు పట్టినా సరే, అమ్మగారిని చెప్పనివ్వకండి. అతన్నే చెప్పనివ్వండి.