గోలీనా, సూదినా? ముందు ఆమె మాట విను

చెల్లె,

సెక్స్ వర్కర్ల ప్రాజెక్టుల నువ్వు పీర్‌గా, అంటే మనోళ్లకు చెప్పే మనలోని మనిషిగా, చేరినవని విన్న, మనసుకు మంచిగనిపించింది. హెచ్‌ఐవీ రాకుండా ముందుగాలనే గోలీగనో సూదిగనో వాడే మందు, అదే ప్రెప్, దాని గురించి మనోళ్లకు ఎట్ల చెప్పాలె అని అడిగినవ్. చెప్పుడు తర్వాత, ముందుగాల అడుగు. ఏ మందు ఒంటికి పడతదో డాక్టరు చూస్తడు. ఏ మందు ఆమె ఇంట్ల ఇముడుతదో ఆమెకే ఎరుక.

మన నల్గొండ, పాలమూరు దిక్కు సెక్స్ వర్క్ చేసేటోళ్లు చానమంది ఇంటి మనుషులే. అత్త ఉంటది, ఎదిగిన పిల్లలుంటరు. కూలికి పోయొచ్చినట్టే ఇల్లు చేరుకుంటరు. అసుంటి ఇంట్ల కొత్త మందు డబ్బా కనబడితే చాలు, "నీకేమైంది?" అని మొదలైతది. హెచ్‌ఐవీ ఉన్నోళ్లకు ఏఆర్‌టీ సెంటర్ల ఇచ్చే మందు డబ్బాకు, ఈ డబ్బాకు తేడా చూసేటోళ్లకు తెల్వది. రోగం రావొద్దని గోలీ ఏసుకునే మనిషికే రోగమున్నదని పేరు పెడతరు. గోలీల డబ్బా సంచిల గలగలమంటదని, మూత కింద దూది కుక్కి, బియ్యం డబ్బా ఎనుక దాసుకున్న ఆమెను నా కండ్లతోటి చూసిన. అసుంటామెకు "రోజుకు ఒక్కటే గోలీ, ఏముందమ్మా" అంటే ఏం ఒరుగుతది? ఎక్కడ దాస్తవ్, ఎవరికి తెలిస్తే కష్టం, ఏ యాళ్లకు ఒక్కదానివే ఉంటవ్, ఇయి అడుగు.

గోలీనే కావాలనేటోళ్లు కూడా ఉంటరు. "మందు నా చేతిల ఉంటది, వద్దనుకున్ననాడు డాక్టరుకు చెప్పి ఆపుకుంట" అంటరు. ఆ మాటకు విలువ ఇయ్యి. మొదటి వారాలల్ల కడుపుల తిప్పుడు, తలకాయ నొప్పి కొందరికి ఉంటయి, తర్వాత తగ్గుతయి. వాటి సంగతి దాసిపెట్టకు, లేకుంటే మూడోనాడే డబ్బా మోరిల పడతది. ఆడోళ్లకు కనీసం వారం రోజులు వరుసగా ఏసుకున్నంకనే కాపుదల మొదలైతది. అవసరమున్ననాడు మాత్రం ఏసుకునే పద్ధతి మగోళ్లది, మనకు సరిపోదు. గోలీ కంటే ముందు హెచ్‌ఐవీ పరీక్ష కావాలె, కిడ్నీలు, హెపటైటిస్-బి కూడా చూపియ్యాలె. ఒంట్ల అప్పటికే హెచ్‌ఐవీ ఉంటే ఈ గోలీ ఒక్కటి చాలదు, పైగా వైరస్ మందుకు మొండికేస్తది.

సూదిల రెండు రకాలు. ఒకటి కాబోటెగ్రావిర్, మొదటి రెండు సూదులు ఒక నెల ఎడంతోటి, ఆ తర్వాత రెండు నెలలకొకటి. ఆఫ్రికా ఆడోళ్ల మీద జరిగిన పరిశోధనల గోలీ కంటే ఇదే ఎక్కువ కాపాడిందని 2020ల తేలింది. గోలీ చెడ్డదని కాదు, రోజూ ఏసుకునుడే చానమందికి కాలేదు. మన ఇండ్ల సంగతి ఎరిగినోళ్లకు ఇదేం కొత్త కాదు. రెండోది లెనకాపవిర్, ఆర్నెల్లకొకటి. 2024ల దక్షిణాఫ్రికా, ఉగాండాల ఇది తీసుకున్న రెండు వేల పైచిలుకు ఆడపిల్లలల్ల ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ రాలేదు. 2025ల ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడమన్నది. మన హైదరాబాదు కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో దీన్ని 2027 నుంచి ఏడాదికి దాదాపు 40 డాలర్లకే ఇస్తమని ప్రకటించినయి. అయితే నీ ప్రాజెక్టుల ఏది చేతికి దొరుకుతదో సార్లను అడిగి పో. లేని సూది మీద ఆశ పెడితే రేపు నీ మాట ఎవరూ ఇనరు. సూది ఆపినంక మందు నెలల తరబడి పలచగా ఒంట్లనే ఉంటది, అప్పుడు హెచ్‌ఐవీ సోకితే వైరస్ మందుకు మొండికేయొచ్చు, అందుకని ఆపేముందు డాక్టరుకు చెప్పాలనేది గట్టిగ చెప్పు.

నిరోధ్ మాత్రం ఇడిసిపెట్టొద్దు. సిఫిలిస్ అసుంటి సుఖరోగాలను, గర్భాన్ని ఈ మందులు ఆపవు. గిరాకికి ప్రెప్ సంగతి తెలిస్తే "ఇంక నిరోధ్ ఎందుకు" అంటడు, ఇంకో వంద ఎక్కువిస్తనంటడు. అందుకని ఆ ముచ్చట వాని దాకా పోనియ్యొద్దని చెప్పు. ప్రెప్ లేనామెకు నిరోధ్ చినిగితే 72 గంటల లోపల దవాఖానకు తోలుకపో. ఎంత జల్ది పోతే అంత మంచిది. అప్పుడు ఆడ ఇచ్చే మందు వేరే, 28 రోజులు వాడాలె.

ఎవరన్నా "మనసుంటోళ్లతోటి ఇది అయితదా" అంటే కోల్‌కతా సోనాగాచి, మైసూరు సంగతి చెప్పు. ఆడ సెక్స్ వర్కర్ల సంఘాలే ముందు పడి ప్రెప్ నడిపించినయి. పరీక్షకు బలవంతం చేసేటోళ్లుంటే 2017ల వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ఉన్నది, ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యరాదు, పేరు బయటపెట్టరాదు. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరు అందరి ఫోన్లల్ల ఎక్కియ్యి, ఖర్చు కాదు.

ఒద్దన్నామెను టార్గెట్ కోసం ఒప్పియ్యకు. ఒద్దన్నదనే రాయి, వచ్చే నెల మల్ల పలకరియ్యి. గోలీ వాడేటామె బతుకమ్మకు పుట్టింటికి పోతున్నదంటే, బస్సెక్కకముందే అన్ని రోజులకు సరిపోను గోలీలున్నయా లెక్కపెట్టియ్యి.

నీ అక్క