మాంసం తింటాను, కానీ ఆ జంతువును సరిగ్గా పెంచారో లేదో తెలుసుకునేదెలా?

ఈ ప్రశ్న ఎవరడిగినా చర్చ చివరికి కత్తి దగ్గరికే పోతుంది. కోత కొన్ని సెకన్ల పని. బ్రాయిలర్ కోడి బతికేది 35 నుంచి 42 రోజులు. ఆ రోజులన్నీ అది ఎలాంటి నేల మీద కూర్చుందో అడిగేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ముందు చూడాల్సింది కోడి కాళ్ళు.

తోలు తీయని కోడిలో లెగ్‌పీస్ చివర, పాదం మొదలయ్యే కీలు ఉంటుంది కదా, దాని వెనక చూడండి. గోధుమరంగులోనో నల్లగానో మచ్చ ఉందా? ఎంత కడిగినా అది పోదు. అమ్మోనియాకు కాలిన చర్మం అది.

షెడ్డు నేల మీద 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన ఊకో, రంపపు పొట్టో పరుస్తారు. అదే లిట్టర్. 40 గ్రాముల పిల్లగా వచ్చిన రోజు నుంచి లారీ ఎక్కే రోజు దాకా కోడికి పడకా అదే, పాయిఖానా అదే. కిలో దాణా తిన్న కోడి దాదాపు కిలోముప్పావు నీళ్ళు తాగుతుంది, అందులో ఎక్కువ భాగం రెట్టతో కలిసి లిట్టర్‌లోకే దిగుతుంది. ఆ తడిలో బాక్టీరియా రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని అమ్మోనియాగా మారుస్తుంది.

ఫారం చూసే అవకాశం వస్తే ఒక పిడికెడు లిట్టర్ గట్టిగా పిసికి చెయ్యి తెరవండి. ఉండ కట్టి, పగుళ్ళిచ్చి రాలిపోతే బాగున్నట్టు. ఉండ అలాగే నిలబడితే తడి ఎక్కువ. అసలు ఉండే కట్టకపోతే మరీ పొడి, ఆ దుమ్ము కోడి ఊపిరితిత్తులకు చేటు.

తడికి మొదటి ముద్దాయి నీళ్ళ లైను. కోడి తలెత్తి మెడ చాచి అందుకునే ఎత్తులో నిపుల్, అంటే పొడిస్తే నీళ్ళొచ్చే చిన్న మొన, ఉండాలి. కోళ్ళు పెరుగుతున్నా లైను పైకి ఎత్తకపోతే అవి పక్కనుంచి పొడుస్తాయి, నీళ్ళు నేల పాలు. ప్రెషర్ ఎక్కువైనా అంతే. దాణాలో ఉప్పు పెరిగితే నీళ్ళు ఎక్కువ తాగి పలచగా రెట్ట వేస్తాయి. చలికి పరదాలు బిగించేస్తే తేమా అమ్మోనియా రెండూ లోపలే ఉండిపోతాయి.

చదరపు మీటరుకు 33 కిలోలకు మించి కోళ్ళు పెంచే షెడ్లలో, కోడి తల ఎత్తున అమ్మోనియా 20 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 20 వంతులు) దాటకూడదని యూరోపియన్ యూనియన్ 2007 నాటి నిబంధన. ‘తల ఎత్తున’ అన్న మాట గమనించండి. నిలబడి వాసన చూసి ‘ఏమీ లేదే’ అనేవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ఒకసారి గాలి పీల్చాలి. రోజూ షెడ్డులో తిరిగేవాళ్ళ ముక్కు ఆ వాసనకు ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది, వాళ్ళ మాట లెక్కలోకి రాదు.

చివరి వారంలో 2 కిలోలు దాటిన పక్షి రోజులో ఎక్కువసేపు ఆ లిట్టర్ మీదే కూర్చుని ఉంటుంది. కాళ్ళు ఆ బరువు మోయలేవు. ఇక్కడే ఎవరో ఒకరు ‘హార్మోన్ ఇంజెక్షన్లండీ’ అంటారు. వేల కోళ్ళకు రోజూ సూది పొడిచేది ఎవరు? కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం 1957 నాటి జాతినీ 2005 నాటి జాతినీ ఒకే దాణాతో పెంచి చూసింది. 56వ రోజుకు పాతది 905 గ్రాములు, కొత్తది 4,202 గ్రాములు. అంతా ఎంపిక చేసి జత కట్టించిన ఫలితం. మీ అనుమానం యాంటీబయాటిక్స్ మీద పెట్టండి, ఉపయోగం ఉంటుంది.

ఆ ఎదుగుదలకు మరో మూల్యం ఉంది, అది ఎవరి కంటా పడదు. ఈ కోళ్ళ తల్లిదండ్రులకు కడుపునిండా పెట్టరు. పెడితే ఒళ్ళు పెరిగి గుడ్లు తగ్గుతాయి, రోగాలొస్తాయి. అందుకే ఎదిగే వయసులో అవి తినగలిగిన దానిలో ఒక్కోసారి మూడో వంతే పెట్టి, ఆకలితోనే ఉంచుతారు. కాబట్టి అమ్మేవాళ్ళను రెండే అడగండి: ఎన్ని రోజుల పక్షి, ఎంత బరువు? భాగించండి. 38 రోజులకు 2.4 కిలోలంటే రోజుకు 63 గ్రాములు, పరుగులు పెట్టించిన జాతి. 50 లోపు అయితే నయం. ‘సహజం’, ‘హార్మోన్ రహితం’ అన్న లేబుళ్ళు ఈ లెక్కకు ఎందుకూ పనికిరావు.

మాంసం మానేసి గుడ్లకు మారిన వాళ్ళు ఈ చర్చలో కాస్త ఎక్కువ నీతులు చెబుతారు. గుడ్ల కోసం పెంచే లేయర్ జాతిలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికీ గిట్టదు. పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ దీన్ని 2022 జనవరి 1 నుంచి నిషేధించింది.

ఇక పట్టుకోవడం, తరలించడం. కోతకు 8 నుంచి 12 గంటల ముందు దాణా ఆపాలి, నీళ్ళు మాత్రం పట్టుకునే దాకా ఉండాలి. ఒంటికాలు పట్టి గుత్తులుగా వేలాడదీసి మోస్తే తొడ కీలు జారుతుంది, రెక్క విరుగుతుంది. మాంసం మీద కమిలిన మచ్చ ఎర్రగా ఉంటే కోతకు కాస్త ముందు తగిలిన దెబ్బ. ఆకుపచ్చ రంగుకు తిరిగితే ఒక రోజు కిందటిది, అంటే ఫారంలోనే తగిలింది.

గొర్రె, మేక, పశువుల్లో రంగే చెబుతుంది. తిండి లేకుండా ఎక్కువ దూరం లారీలో నిలబెట్టినా, కొత్త గుంపుతో కలిపి కుమ్ములాడుకోనిచ్చినా కండరంలో నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజెన్, ఖర్చయిపోతుంది. అది ఉంటేనే చచ్చాక లాక్టిక్ ఆమ్లం పుట్టి పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.4–5.7కు దిగుతుంది. లేకపోతే 6 పైనే ఆగిపోతుంది. మాంసం ముదురు రంగులో, వేలికి జిగురుగా తగులుతుంది, త్వరగా పాడవుతుంది కూడా.