ఒకే హార్డ్‌డిస్క్, మూడు సిస్టమ్‌లు

ప్రశ్న: ఇంట్లో విండోస్, ఆఫీసులో మ్యాక్, అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. మ్యాక్‌లో నా ఎక్స్‌టర్నల్ డిస్క్ తెరుచుకుంటోంది గానీ కొత్త ఫైళ్లు ఎక్కడం లేదు. ఏ ఫార్మాట్ మేలు?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్నట్టుందండీ. మ్యాక్ దాన్ని చదువుతుందే గానీ అందులో రాయదు. ఫ్యాట్32 జోలికి వెళ్లకండి. డిస్క్ ఎంత ఖాళీగా ఉన్నా 4 జీబీ దాటిన పెళ్లి వీడియో ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ చేయించండి. మూడింటికీ సరిపోతుంది (ఉబుంటుకు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌లో 5.4 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది).

ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు డేటా వేరేచోటికి కాపీ చేసుకోండి. తర్వాత విండోస్‌లో డ్రైవ్ మీద రైట్‌క్లిక్ చేసి ఫార్మాట్ నొక్కి, ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి.

ఒక్క చిక్కు: ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నలింగ్ (చేసే మార్పులను ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు) లేదు. కాపీ మధ్యలో కేబుల్ లాగినా, కరెంటు పోయినా ఫైళ్ల పట్టిక చెడొచ్చు. ఎజెక్ట్ చేశాకే తీయండి. ఫొటోలకు ఇదొక్కటే బ్యాకప్ అయితే మాత్రం ఒప్పుకోను, రెండో కాపీ ఉండాల్సిందే.