తోపుడు బండ్ల ఉపాధి, కాలిబాట, పరిశుభ్రత: మూడూ కలిసి సాగేదెలా?

వీధి వ్యాపారుల పొట్ట కొట్టకుండా పాదచారుల దారినీ, పరిశుభ్రతనూ కాపాడుకోవడం ఎలా అన్నది ప్రశ్న. ఇందుకు తగిన చట్టం ఉంది. లోపమంతా అమలులోనే ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, వారందరికీ వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత కూడా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఈ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. ఈ కమిటీ క్రమం తప్పకుండా కూర్చుంటే బస్టాపు ముందు, ఆసుపత్రి గేటు దగ్గర అడ్డంగా నిలిచే బండ్ల తగవు లాఠీల దాకా వెళ్లదు.

అమ్మే చోటునూ పరిసరాలనూ శుభ్రంగా ఉంచే బాధ్యతను అదే చట్టం వ్యాపారులపై పెట్టింది. అయితే ఉదయం ఏ టిఫిన్ బండి దగ్గర చూసినా పొగలు కక్కే సాంబారును పల్చటి కవరులో పోసి రబ్బరు బ్యాండు బిగించి ఇస్తుంటారు. తిన్న ప్లేట్లు మురుగు కాలువలోకి చేరుతుంటాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాల అమ్మకం, వాడకం 2022 జూలై 1 నుంచే నిషిద్ధం. వాటిని టోకున అమ్మే దుకాణాలను వదిలి బండివారికే జరిమానా వేయడం న్యాయం కాదు. మునిసిపాలిటీ బండ్లు నిలిచే చోట నీటి కుళాయి, తడి పొడి చెత్తలకు వేర్వేరు డబ్బాలు, వ్యాపారం ముగిసే వేళకు చెత్త బండి ఏర్పాటు చేయాలి. కొనేవారు ఇంటి నుంచి స్టీలు క్యారియరు తెచ్చుకోవాలి.